సిలువ బొమ్మకు మొలతాడు

నేను చేసిన తప్పులు చాలా ఉన్నాయి. బొమ్మలు వేసేవాడి అదృష్టం ఏమిటంటే, చాలా తప్పుల మీద సున్నం కొట్టి ఏమీ జరగనట్టు కూర్చోవచ్చు. కానీ ఒక తప్పు మాత్రం మూడు వందలమంది ముందు, మంచి శుక్రవారం మధ్యాహ్నం, దేవుడి సన్నిధిలో బయటపడింది. సున్నం డబ్బా అందుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఊరి పేరు మాత్రం అడక్కండి. కోనసీమలో గోదావరి పాయ పక్కన ఉందని చెప్పి ఊరుకుంటాను. పేరు చెబితే మీరు వెళతారు, వెళితే వాళ్ళు మీకు బొండం కొట్టిచ్చి మరీ నా కథ చెబుతారు, అదీ నాకన్నా బాగా చెబుతారు.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. రాజమండ్రిలో సినిమా బేనర్లు రాసే మాస్టారి దగ్గర ఆరేళ్ళు పనిచేశాను. మొదటి రెండేళ్ళూ బ్రష్షులు కడిగాను, తరవాతి రెండేళ్ళూ హీరోల చొక్కాలకు రంగులు వేశాను, ఆఖరి రెండేళ్ళూ కండలు గీశాను. కండలంటే మామూలు కండలు కావు. హీరోగారి దండచెయ్యి బొప్పాయి కాయంత రాకపోతే హాలు మేనేజరు ఒప్పుకునేవాడు కాదు. అలా గీసి గీసి, మనిషి ఒళ్ళు గీయడంలో నన్ను మించినవాడు ధవళేశ్వరం నుంచి యానాం దాకా లేడని నాకు నేనే తీర్మానించుకున్నాను.

అటువంటి రోజుల్లో ఆ ఊరి అయ్యగారు మా షెడ్డుకు వచ్చారు. అక్కడి క్రైస్తవులు పాస్టరుగారిని అయ్యగారనే పిలుస్తారు. తుఫానుకు గుడి కప్పు ఎగిరిపోతే ఊరంతా కలిసి మళ్ళీ కట్టుకున్నారట. ప్రార్థన బల్ల వెనక గోడ ఖాళీగా ఉందట, దానిమీద సిలువ బొమ్మ కావాలన్నారు. మాస్టారు ఒంట్లో బాగాలేక రానన్నారు. నేను ముందుకు దూకాను.

"నేను వేస్తానండీ. ఒక్కణ్ణే వేస్తాను."

మాస్టారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఒరే, గుడ్డ మీద వేసిన బొమ్మ సినిమా మారితే పోతుంది. గోడమీద బొమ్మ నువ్వు పోయినా ఉంటుంది. వేయగలవా?"

"మీరే చెప్పులు విడిచి లోపలికొచ్చి చూస్తారు మాస్టారూ."

"చూస్తాను. బాగుంటే నీ పేరుతో నువ్వే బోర్డు పెట్టుకో. చెడితే మళ్ళీ వచ్చి బ్రష్షులు కడుగు," అన్నారాయన.

అదీ పందెం. మంచి శుక్రవారం నాడు ముసుగు తీసేసరికి ఆ గోడమీద బొమ్మ నిలవాలి. నిలిస్తే నేనొక పెయింటర్ని. లేకపోతే మళ్ళీ కిరసనాయిలు డబ్బా, పాత బ్రష్షులూ.

నేను హిందువుల ఇంట్లో పుట్టినవాణ్ణి. ఏసుప్రభువు గురించి నాకు తెలిసిందల్లా మా వీధి టైలరు కొట్లో ఉన్న కేలండరు ఒక్కటే. మొహానికి అది చాలనుకున్నాను. ఒంటికి నా అనుభవం ఉండనే ఉంది. నాలుగు రోజుల్లో బొమ్మ పూర్తి చేసి, చేతులు కట్టుకుని, అయ్యగారిని పిలిచాను.

ఆయన చాలాసేపు చూశారు. సన్నటి మనిషి, మెత్తటి గొంతు.

"బాబూ, ఈయన నలభై రోజులు ఉపవాసం ఉన్నాడని మా నమ్మకం. మీరు వేసినాయన్ని చూస్తే నలభై రోజులు వ్యాయామశాలకు వెళ్ళొచ్చినట్టున్నాడండి."

"కండలు తగ్గించమంటారా?"

"తగ్గించడం కాదండి. ఈయన సిలువ మీద వేలాడుతున్నట్టు లేదు, సిలువనే ఎత్తుకుని పోటీకి వెళుతున్నట్టున్నాడు. వడ్రంగి పని చేసుకుని బతికిన ఒళ్ళండి ఆయనది. నడిచి నడిచి అరిగిన కాళ్ళు. ఆకలి తెలిసిన పొట్ట. దేవుడు మనిషి ఒళ్ళు తెచ్చుకున్నాడని మేం చెబుతాం కదా, అది చూసి మా వాళ్ళు నమ్మాలి కదండీ."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. వెనక్కి వెళ్ళి గట్టుమీద కూర్చుంటే మాస్టారి మాట ఒకటి గుర్తొచ్చింది. ఆయన రోజూ చెప్పేవారు, "చూసింది గీయరా, అనుకున్నది గీయకు" అని. ఆరేళ్ళుగా నేను అనుకున్నదే గీస్తున్నాను. సరే, ఇకనుంచి చూసిందే గీస్తాను, వెంట్రుకవాసి తేడా లేకుండా గీస్తానని ఒట్టు పెట్టుకున్నాను. పాఠకులు ఈ ఒట్టును గుర్తుపెట్టుకోవాలి. కొంప ముంచింది ఇదే.

సరిగ్గా అప్పుడే ఎదురుగా కొబ్బరిచెట్టు మీంచి ఒక మనిషి దిగాడు. కాళ్ళకు చెట్టెక్కే బందం, నడుముకు కత్తి, చొక్కా లేదు. నలభై అయిదేళ్ళుంటాయి. చెట్టును వాటేసుకుని ఎక్కీ దిగీ రొమ్మంతా గీతలు పడ్డాయి. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. చేతుల్లో నరాలు తాళ్ళలా ఉన్నాయి. కాయలు దింపేవాడు. పేరు దానియేలు.

"బాబాయ్, నీ ఒళ్ళు నాకు కావాలి," అన్నాను.

పాపం ఆయన కత్తిమీద చెయ్యి వేశాడు. విషయం చెప్పాక ఇంకా భయపడ్డాడు.

"నా ఒళ్ళా? ప్రభువుకా? వద్దు బాబూ. నన్ను బల్ల దగ్గరికే రానివ్వట్లేదండి."

సంగతి ఆయనే చెప్పాడు. వాళ్ళ గుళ్ళో రొట్టె విరిచి, ప్రభువు శరీరమని చెప్పి పంచుతారు. దాన్నే బల్ల తీసుకోవడం అంటారు. పెద్ద తప్పు చేసినవాళ్ళకు కొన్నాళ్ళు ఆ రొట్టె ఇవ్వరు. దానియేలు రెండేళ్ళ కిందట తాగి, సంఘపెద్ద సత్యానందంగారి చెట్టెక్కాడు. ఎక్కినవాడు దిగలేదు. గంటసేపు చెట్టు తలమీద మొవ్వులో కూర్చుని, పెద్దగారి లోపాలన్నీ మైకు అక్కర్లేని గొంతుతో ఊరికి వినిపించాడు. ఒక్కో లోపానికి ఒక్కో కాయ కిందికి వదిలాడు. ఆరో కాయ పెద్దగారి కొత్త స్కూటరు మీద పడింది.

"ఆ రోజునుంచీ చుక్క ముట్టలేదండి. కానీ గుడికీ పోలేదు. పోయి అందరి ముందూ నిలబడి తప్పైపోయిందని చెప్పాలండి. చెట్టెక్కడానికి లేని భయం దానికుంది నాకు."

"మరి ఇంట్లో ఏమనరా?"

"మా సువార్తమ్మ ప్రతి ఆదివారం పోరతాది. తెల్లబట్టలు పెట్టెలో ఉండిపోయాయి, పెట్టె తాళం కాలవలో పడిపోయిందని చెప్పానండి. తెల్లబట్టల్లేకుండా బల్లకెలా పోతాను? అలా నడిపేత్తన్నాను." అని నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

చివరికి ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద. ఆ ఒళ్ళు తనదని చచ్చినా ఎవరికీ చెప్పకూడదు. నా బ్రష్షు మీద ఒట్టేశాను.

పాత బొమ్మకు సున్నం కొట్టేసి, మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం, ఊరంతా కునుకు తీసే వేళ గుడి తలుపులు వేసుకునేవాళ్ళం. రెండు కిటికీల మధ్య వెదురు బొంగు కట్టాను. ఆయన తువ్వాలు చుట్టుకుని, బొంగు మీద చేతులు చాపి నిలబడేవాడు. తుంటి ఎముకలు కనబడేలా తువ్వాలు బాగా దింపి కట్టుకోమన్నాను.

"బాబూ, చెట్టెక్కితే రెండు నిమిషాల్లో కాయ చేతికొత్తాది. ఇక్కడ గంట వేలాడినా ఏమీ రాట్లేదండి."

"కదలకు బాబాయ్. పొట్ట లోపలికి."

"పొట్ట ఎప్పుడూ లోపలే ఉంటాదండి."

ఒకరోజు "ఆయన ఆరు గంటలు ఇలాగే ఉన్నాడంటారు బాబూ," అన్నాడు. "నాకు పావుగంటకే రెక్కలు పీకేత్తన్నాయి. చిన్నప్పటి నుంచీ విన్నాను గానీ, ఇంత నెప్పని తెలీదండి."

గీసుకుంటూ ఉండిపోయాను. నిజం చెబుతున్నాను, అప్పటిదాకా నేను గీసినవి ఒళ్ళు కావు, గాలి కొట్టిన ట్యూబులు. ఆ పదిరోజుల్లోనే మనిషి ఒళ్ళు మొదటిసారి చూశాను. అందులో ఎక్కిన ప్రతి చెట్టూ, పస్తున్న ప్రతి పూటా రాసే ఉంది. రొమ్ము మీద గీతలు వేశాను. మోకాలి మీద కాయలు వేశాను. దండచెయ్యి మీద చిన్నప్పటి టీకా మచ్చలు రెండూ వేశాను. గురువారం మధ్యాహ్నానికి నడుము భాగం కూడా ముగించి, పైన తెల్ల దుప్పటి కప్పేశాను. మొహమూ రొమ్మూ అంతకుముందే చూసిన అయ్యగారు కళ్ళు తుడుచుకుని, "ఇక నేను చూడక్కర్లేదండి. రేపు అందరితో కలిసి చూస్తాను," అన్నారు.

శుక్రవారం వచ్చింది. పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. గుడి నిండిపోయింది. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు, అందరిచేతుల్లోనూ తాటాకు విసనకర్రలు. నేను తలుపు దగ్గర కొత్త చొక్కా వేసుకుని నిలబడ్డాను. సత్యానందంగారు స్వయంగా వెళ్ళి దుప్పటి లాగారు.

విసనకర్రలు ఆగిపోయాయి. ఎవరో వెక్కారు. తరవాత ఇంకొకరు. చూస్తుండగానే గుడి సగం ఏడుస్తోంది. సత్యానందంగారు కండువా కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. నేను నా బోర్డు మీద పేరు ఏ రంగులో రాసుకోవాలా అని ఆలోచించడం మొదలుపెట్టాను.

ఎర్రరంగని తేల్చుకునేలోపు, ముందు వరసలో ఉన్న ఒక ముసలావిడ ముక్కు చీది, పక్కావిడను అడిగింది. చెవిటి మనిషి కాబట్టి మెల్లగా అడిగాననుకుంది.

"ఆయనకి మొలతాడు ఎవరు కట్టారే?"

చూశాను. నడుముకు చుట్టిన బట్టకు బెత్తెడు పైన, నల్లగా, ముడితో సహా మొలతాడు. అయ్యా, నేను చూసిందే గీశాను. పుట్టిన పదకొండో రోజు నుంచీ నా ఒంటిమీదా ఒకటుంది. మగవాడికి బొడ్డు ఎలాగో మొలతాడూ అలాగే అనుకున్నాను. అదొక వింతగా కనబడలేదు నాకు. దానికన్నా ఘోరం, ఆ మొలతాడుకు ఒక తాళంచెవి వేలాడుతోంది. దాన్ని ఇంకా శ్రద్ధగా గీశాను. ఇత్తడి మెరుపు కూడా వేశాను.

గుసగుసలు మొదలయ్యాయి. సత్యానందంగారు రిటైరైన బడి మాస్టారు, ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పకుండా ఉండలేరు. గొంతు సవరించుకుని, "అది పరలోకపు తాళంచెవి," అన్నారు. "పరలోక రాజ్యపు ద్వారం ఆయన చేతిలో ఉందని దాని భావం. పెయింటరుగారు లోతుగా ఆలోచించి వేశారు."

జనం ఆహా అన్నారు. నేను లోతుగా తల ఊపాను. బయటపడ్డాననుకున్నాను.

అప్పుడు ఆడవాళ్ళ వైపు ఒకామె లేచింది. సన్నగా, పొడుగ్గా, నీరుకావి చీరలో ఉంది. తిన్నగా బొమ్మ దగ్గరికి నడిచి, మెడ సాచి చూసింది.

"పరలోకం కాదండీ. ఇది మా ట్రంకుపెట్టె తాళం."

"సువార్తమ్మా, కూర్చో," అన్నారు పెద్దగారు.

"ఎలా కూర్చుంటానండీ? ఒక పన్ను విరిగింది, చూడండి. ఆ ఎర్రదారం నేను కట్టిందే. కాలవలో పడిపోయిందన్నాడు, రెండేళ్ళయింది!" ఆమె కళ్ళు తాళం మీంచి పైకి పాకాయి. "ఇయ్యి ఆయన టీకా మచ్చలు. ఇది గెల విరిగి పడ్డప్పుడు దెబ్బ, నేనే పసుపు పెట్టాను. ఓరి నాయనో, ఇది మా ఆయన ఒళ్ళండీ!"

గుడి మొత్తం హోరెత్తిపోయింది. సత్యానందంగారి కండువా జారిపోయింది. "దానియేలా? సిలువ మీద దానియేలా? సున్నం తెండి! ఇప్పుడే కొట్టేయండి!"

అయ్యగారు చెయ్యెత్తారు. సద్దుమణిగాక నావైపు తిరిగారు. "బాబూ, దానియేలుని చూసి వేశారా?"

దానియేలుకు వేసిన ఒట్టు గుర్తొచ్చింది. "లేదండి," అన్నాను.

"దానియేలు మీకు తెలుసా?"

"ఎవరండీ ఆయన?"

"నిజం చెప్పండి. అసలు ఆ మనిషిని ఎప్పుడైనా చూశారా?"

"ఆ పేరే వినలేదండి."

మూడోసారి ఆ మాట నా నోట్లోంచి వచ్చిందో లేదో, కిటికీ బయట ఎవరి పుంజో, మిట్టమధ్యాహ్నం పన్నెండున్నరకు, గొంతెత్తి కూసింది.

తరవాత గుడి గుడంతా నావైపు తిరిగి నవ్వడం మొదలుపెట్టింది. ఏడ్చిన కళ్ళతోనే నవ్వుతున్నారు. అయ్యగారు బల్ల పట్టుకుని వంగిపోయారు. నాకేమీ అర్థం కాలేదు. ప్రభువు దగ్గరి శిష్యుడొకడు ఆయనెవరో తనకు తెలియదని మూడుసార్లు బొంకాడనీ, వెంటనే కోడి కూసిందనీ నాకు ఆ సాయంత్రం చెప్పారు. ముందే చెప్పి ఉంటే రెండు బొంకులతో ఆపేసేవాణ్ణి.

ఇక దాచి లాభంలేక మొత్తం చెప్పేశాను. "ఇప్పుడెక్కడున్నాడు?" అని అయ్యగారు అడిగారు. నాకు తెలియదన్నాను. ఈసారి నిజంగానే తెలియదు గానీ ఎవరూ నమ్మలేదు. సువార్తమ్మకు మాత్రం తెలిసిపోయింది. గబగబా బయటికి వెళ్ళి, గుడి పక్కన చెట్టుకింద నిలబడి పైకి చూసింది. వెనకే మేమందరం వెళ్ళాం.

దానియేలు మొవ్వులో కూర్చుని ఉన్నాడు. అక్కణ్ణుంచి కిటికీలోకి చూస్తే బల్ల వెనక గోడ కనబడుతుంది. తన బొమ్మకు ముసుగు తీసేది చూడ్డానికి ఎక్కాడు.

"దిగు! తాళం ఏదీ?"

"ఏ తాళం?"

"నీ మొలకి వేలాడతందే, ఆ తాళం! కిందనుంచి కనపడతంది!"

పైన మట్టలు కదిలాయి. తరవాత ఆ పెద్దగొంతు చిన్నగా వినిపించింది. "ఈ చెట్టుమీదే దాచానే ఇన్నాళ్ళూ. బొమ్మకి నిలబడ్డకాణ్ణించీ రోజూ దింపి మొలకి కట్టుకుంటన్నాను. ఇయ్యాల పెట్టె తీద్దాం, రేపు తీద్దాం అనుకోడం. సాయంత్రానికి ధైర్యం చాలట్లేదు. మళ్ళీ ఎక్కి దాచేత్తన్నాను."

సువార్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తాళాన్ని నేను రోజూ చూశాను, మెరుపుతో సహా గీశాను, అదేమిటని ఒక్కరోజు కూడా అడగలేదు.

అయ్యగారు సత్యానందంగారి పక్కకు వచ్చి నిలబడ్డారు. పెద్దగారు అనుభవం ఉన్న మనిషి, చెట్టుకు ఇరవై అడుగుల దూరంలోనే ఆగారు.

"పెద్దగారూ, రెండేళ్ళుగా ఆ ఒంటిని మనం బల్ల దగ్గరికి రానివ్వలేదండి. ఇవాళ అదే ఒంటిని చూసి ఏడ్చాం. మీరూ ఏడ్చారు."

"ఏడ్చానండి. కానీ ఆ రోజు చెట్టుమీంచి నా గురించి అన్నవి..."

"అన్నీ అబద్ధాలేనా?"

సత్యానందంగారు కండువా భుజం మార్చారు. ఆకాశం చూశారు. నిజాయితీగల మనిషి, లెక్క వేసుకున్నారు. "అన్నీ కాదండి," అన్నారు చివరికి. తరవాత నడిచి నడిచి సరిగ్గా చెట్టు మొదట్లోకి వెళ్ళి, తల పైకెత్తారు. "దిగిరారా దానియేలూ. కింద నేనున్నాను. కాయ మాత్రం వదలకు."

దానియేలు దిగాడు. దిగుతూ తప్పైపోయిందన్నాడు. అందరి ముందూ నిలబడి చెప్పాలని రెండేళ్ళు భయపడ్డ మాట, చెట్టు సగంలో వేలాడుతూ చెప్పేశాడు. ఆదివారం ఈస్టరు పండక్కి తెల్లబట్టలు వేసుకుని వచ్చాడు. ఆయనకన్నా ముందు కలరా ఉండల వాసన గుళ్ళోకి వచ్చింది. అయ్యగారు రొట్టె చేతిలో పెట్టినప్పుడు ఆ పెద్ద చేతులు దాన్ని పిట్టపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోవడం నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. అది గీయడం మాత్రం నాకు ఇప్పటికీ చేతకాలేదు.

బొమ్మకు సున్నం కొట్టలేదు. శనివారం నాడే నడుముబట్టను బెత్తెడు పైకి జరిపి మొలతాడునూ తాళాన్నీ కప్పేశాను. నెల తిరిగాక మాస్టారు బస్సెక్కి వచ్చారు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచారు. చాలాసేపు చూసి, "మొలతాడు కూడా వేశావటగా?" అన్నారు.

"కప్పేశానండి."

"చూసింది గీయమన్నాను గానీ, గీసింది కప్పమన్నానట్రా?" అని నెత్తిమీద ఒకటి మొట్టి, "బోర్డు పెట్టుకో ఫో," అన్నారు. ఆ మొట్టికాయ ఇంకా తియ్యగా ఉంది.

తరవాత ఫ్లెక్సీలు వచ్చాయి. బ్రష్షులు పక్కనపెట్టి నేనూ కంప్యూటరు ముందు కూర్చున్నాను. మాస్టారు పోయారు. దానియేలు కూడా పోయాడని ఆలస్యంగా తెలిసింది. ఒక ఆదివారం ఆ ఊరు వెళ్ళాను. ఆరాధన అయిపోయింది. సువార్తమ్మ ఒక్కతే బొమ్మకు ఎదురుగా కూర్చుని ఉంది. నేను ఆఖర్న కప్పిన రంగు ఉప్పుగాలికి పొరలు లేచి రాలిపోయింది. మొలతాడూ తాళంచెవీ మళ్ళీ బయటికొచ్చాయి. నా మెరుపుతో సహా.

"మళ్ళీ కప్పమంటావా అమ్మా?"

"వద్దు బాబూ. రెండేళ్ళు దాచింది చాలు."

"ఆ తాళం ఇంట్లో ఉందా?"

"లేదు బాబూ. తెల్లబట్టలు కట్టి సాగనంపినప్పుడు ఆయన మొలకే కట్టేశాను." నవ్వింది. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. "పరలోకపు తాళమని పెద్దగారన్నారు కదా. నిజమైతే పనికొత్తాది. కాకపోతే మా పెట్టెదేగా."

కాబట్టి నా మిగిలిన ఒకే ఒక్క బ్రష్షును కుడిచేత పట్టుకుని, తూర్పుముఖంగా నిలబడి, పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట దేవుడి బొమ్మకు ఏ మనిషి ఒంటినీ ఎదురుగా నిలబెట్టుకోను. గుళ్ళో ఏ సంగతీ మూడోసారి బొంకను. ఒకవేళ ఎవరి మొలకైనా తాళంచెవి కనబడితే, గీయడానికి ముందు ఆ పెట్టెలో ఏముందని అడుగుతాను.